రంగు లేని లోహానికి రంగు: 1/48 మిగ్-21 ఎఫ్‌ఎల్ ప్రాజెక్టు డైరీ

జూన్ 29, ఆదివారం. సునాబెడా, ఒడిశా

మూడేళ్లుగా అటక మీద ఉన్న పెట్టెను రథయాత్ర సెలవుకు కిందికి దించాను. 1/48 కొలతలో, అంటే అసలులో నలభై ఎనిమిదో వంతుగా, ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టే మిగ్-21 యుద్ధవిమానం బొమ్మ, ఎఫ్‌ఎల్ రకం. అసలు విమానం రెక్క కొస నుంచి కొసకు 7.15 మీటర్లు. నా బల్ల మీద అదే 149 మిల్లీమీటర్లు, జానెడు కూడా లేదు. పచ్చ మచ్చల యుద్ధరంగులు వేయకూడదని, బూడిద రంగూ వేయకూడదని ముందే నిశ్చయించుకున్నాను. చూసినవాళ్లకు వట్టి అల్యూమినియం రేకులా కనిపించాలి.

ఎఫ్‌ఎల్‌నే ఎంచుకోవడానికి కారణం నాన్న. ఆయన 1972లో, ఇరవయ్యేళ్ల వయసులో, సాలూరు దగ్గరి పల్లె నుంచి ఘాటు రోడ్డు ఎక్కి ఇక్కడికి వచ్చారు. మిగ్-21 ఇంజిన్ల కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో పెట్టిన కర్మాగారంలో, లోహపు ముక్కలను కాల్చి చల్లార్చి పదును పెట్టే హీట్ ట్రీట్‌మెంట్ షాపులో చేరారు. ఆ రోజుల్లో ఇక్కడ తయారైన ఆర్-11 ఇంజిన్లు ఎఫ్‌ఎల్‌లలోకి వెళ్లేవి. తరువాత ఆర్-25 వచ్చింది, అది బిస్ రకానికి. ఇంజిన్లు సునాబెడాలో, విమానాలు నాసిక్‌లో. అందుకే తాను పదును పెట్టిన ముక్క ఏ విమానంలో ఎగిరిందో నాన్న ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన ఈ మాట ఫిర్యాదుగా అనరు, కానీ చాలాసార్లు అన్నారు.

1971 యుద్ధంలో కొన్ని ఎఫ్‌ఎల్‌లకు హడావుడిగా ఆకుపచ్చ మచ్చలు పూశారు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటే నా పని సగం తగ్గేది. మందపు రంగు అతుకుల్ని, గీతల్ని క్షమిస్తుంది. లోహపు పూత వెంట్రుకంత గీతను కూడా వెలుగులోకి తెచ్చి చూపిస్తుంది.

జూలై 6

జిగురు ముట్టుకోకుండా భాగాలన్నీ టేపుతో కట్టి చూశాను. రెక్క వెనుక అంచుకూ ఒడలికీ మధ్య 0.2 మిల్లీమీటర్ల మెట్టు ఉంది. వినడానికి ఏమీ కాదు. 48తో గుణిస్తే అసలు విమానం మీద అది దాదాపు ఒక సెంటీమీటరు! ధ్వని వేగాన్ని మించి ఎగిరే విమానం రేకులో సెంటీమీటరు మెట్టు ఉండదు. ఈ లెక్క ఒకసారి తలకెక్కాక ఏ ముక్కనూ పాత కళ్లతో చూడలేకపోతున్నాను.

కాక్‌పిట్‌కు రష్యన్ విమానాల నీలిపచ్చ వేసి, అంచుల దగ్గర అదే రంగులో తెలుపు కలిపి పొడి కుంచెతో రుద్దాను. ముక్కు శంకువులో చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు పన్నెండు గ్రాములు నింపాను. వెనుక భాగంలో నాళిక (ఇంజిన్ మంట బయటికి వచ్చే గొట్టం) బరువు పెరుగుతుంది కనుక ముందు బరువు లేకపోతే బొమ్మ తోక మీద కూలబడుతుంది. ఈ రెండు పనుల గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

జూలై 13

ఒడలి రెండు సగాలను కలిపాను. నీళ్లలా పలచగా ఉండే జిగురును అతుకు మీద కుంచెతో తాకిస్తే చాలు, సన్నని సందులోకి దానంతట అదే పాకుతుంది. పది క్షణాలు ఆగి రెండు సగాలనూ మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ పూసలా పైకి ఉబుకుతుంది. ఆ పూస రావాలి. రాకపోతే అతుకు లోపల ఖాళీ ఉన్నట్టే. ఈ పూసను వారం రోజులు ముట్టుకోకూడదు. లోపల ద్రావకం ఇంకా ఆరుతూ ఉంటుంది. తొందరపడి ఇవాళే గీకితే, పైన రంగు వేసిన నెల తరువాత అక్కడ సన్నని పల్లం పడుతుంది.

మిగిలిన సందులకు పుట్టీ వాడలేదు. పుట్టీ ప్లాస్టిక్ కన్నా మెత్తన, ద్రావకాన్ని ఎక్కువగా పీలుస్తుంది. లోహపు పూత కింద దాని అంచు దెయ్యంలా తిరిగి కనిపిస్తుంది. బదులుగా రెండు పద్ధతులు.

మొదటిది, భాగాలు అంటుకుని వచ్చే కాడల్ని సన్నగా తరిగి అదే జిగురు సీసాలో నానబెట్టడం. రెండు రోజులకు తేనెలా చిక్కబడుతుంది. ఇది అదే ప్లాస్టిక్ కనుక ఆరాక దాని గట్టిదనం చుట్టుపక్కల భాగంతో సమానం. గీత గీసినా కత్తి జారదు. లోపం ఒక్కటే, ఆరడానికి చాలా రోజులు పడుతుంది.

రెండోది, క్షణాల్లో అంటుకునే జిగురులో టాల్కం పౌడరు కలిపి పూయడం. ఒంటరిగా పూస్తే ఆ జిగురు ఒక్క రాత్రిలో ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది. మరునాడు ఉప్పు కాగితంతో రుద్దితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగిపోయి జిగురు గుట్టలా మిగులుతుంది. పౌడరు కలిపితే మెత్తగా ఉంటుంది. అయినా గంటలోపే రుద్దేయాలి. రెక్క దగ్గరి మెట్టుకు ఇదే వాడాను.

జూలై 27

రెండు వారాలు పలకల గీతలతోనే గడిచాయి. అతుకులు రుద్దినప్పుడు ఒడలి మీది గీతలు చాలా చోట్ల చెరిగిపోయాయి. తిరిగి గీయాలి.

మిగ్-21 ఒడలు దాదాపు గొట్టం. గొట్టం చుట్టూ తిన్నని గీత గీయడం చదును పలక మీద గీసినంత సులువు కాదు. అక్షరాలు అచ్చొత్తే మందపాటి ప్లాస్టిక్ లేబుల్ టేపును రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా చీల్చి చుట్టాను. వెడల్పు టేపు వంపు మీద అలలా లేస్తుంది, సన్న పట్టీ కూర్చుంటుంది. గీసే సూదిని తోయకూడదు, తనవైపు లాగాలి. మొదటి రెండు సార్లు సూది బరువు తప్ప చేతి బరువు పడకూడదు. అవి దారి వేస్తాయి. తరువాతి నాలుగైదు సార్లు ఆ దారిలోనే లోతు తీస్తాయి. మొదటి గీతకే లోతు కావాలనుకుంటే సూది తనకు ఇష్టమైన చోటికి పోతుంది.

22వ తేదీ రాత్రి అదే జరిగింది. వెన్ను మీద, రెక్కల వెనుక వచ్చే పెద్ద అతుకు గీత దగ్గర సూది జారి నాలుగు మిల్లీమీటర్ల గాయం చేసింది. ఇంకెక్కడ జారినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఇంజిన్ మార్చాలంటే విమానాన్ని విడదీసేది ఆ గీత దగ్గరే. బోల్టులు విప్పి, తోక భాగం మొత్తాన్ని బండి మీద వెనక్కి లాగితే ఇంజిన్ బయటపడుతుంది. నాన్నకు చూపించాలనుకున్న మొదటి గీత అది. కాడల లేహ్యంతో గాయం నింపి, నాలుగు రోజులు ఆగి, నిన్న మళ్లీ గీశాను. ఇప్పుడు వేలితో తడిమినా తెలియడం లేదు.

గీత గీశాక రెండు అంచులూ దున్నిన చాలులా కాస్త లేస్తాయి. 1500 నంబరు తడి ఉప్పు కాగితంతో వాటిని అణిచి, పాత పళ్ల బ్రష్షుతో లోపలి పొడి దులిపి, పలుచని జిగురును కుంచెతో గీత వెంట ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, పరుగెత్తించాను. గీత లోపలి పీచు కరిగి నునుపవుతుంది. రెండోసారి పోతే గీతే కరిగిపోతుంది.

ఆగస్టు 3

రివిట్ల చక్రం తిప్పాను. అసలు రివిట్లు అంగుళం ఎడంలో ఉంటే ఈ కొలతలో అవి అర మిల్లీమీటరు ఎడంలో పడాలి. ఒడలంతా రివిట్లు కొడితే కోళ్ల వల కప్పినట్టు ఉంటుంది. అందుకే పలకల అంచుల వెంట, తోక భాగం చుట్టూ మాత్రమే కొట్టాను. చక్రం పెట్టిన ప్రతి చుక్క చుట్టూ గట్టు లేస్తుంది కనుక దాన్నీ రుద్దాలి. తరువాత 2000, 3000, 4000 స్పాంజీలు వరుసగా, ఒక్కో అంకె దగ్గర దిశ మార్చి. దిశ మార్చకపోతే పాత గీతలు పోయాయో లేదో తెలియదు.

ఆగస్టు 10

వారం నుంచి దేవమాలి కొండ కనిపించలేదు. మబ్బు కిందికి దిగి మా డాబా మీదే కూర్చున్నట్టు ఉంది. తేమ కొలిచే పరికరంలో 91 శాతం. ఇలాంటి రోజు రంగు చల్లే తుపాకీ పట్టుకోకూడదని తెలిసి కూడా ఆదివారం పోతుందన్న ఆరాటంతో నిగనిగలాడే నలుపు లాకర్ వేశాను. లోహపు పూతకు అదే పునాది. కింద నలుపు అద్దంలా ఉంటే పైన అల్యూమినియం రేణువులు ఆకుల్లా పడుకుని వెలుగును ఒకే దిక్కుకు తిప్పుతాయి. కింద గరుకుగా ఉంటే అవి అడ్డదిడ్డంగా నిలబడతాయి. లోహం బదులు బూడిద రంగు కనిపిస్తుంది.

రెక్క మీద నలుపు పడిన అర నిమిషానికి పాలు పోసినట్టు తెల్లబారింది. ఎండితే పోతుందనుకున్నాను. పోలేదు. రెండు రెక్కలూ, వెన్నూ బూడిద పూసుకున్నట్టు ఉన్నాయి.

ఆగస్టు 16, శనివారం

జయపురం వెళ్లి వచ్చాను. బస్టాండు దగ్గర కార్లకు రంగు వేసే ఒక పెద్దాయన ఉన్నారు. మాది ఏ ఊరో అడిగి, సాలూరు అనగానే ఒడియా వదిలి తెలుగులోకి వచ్చేశారు. తెల్లబారిన రెక్కను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది రంగు తప్పు కాదు తల్లీ, నీటి చెమ్మ. థిన్నర్ గబగబా ఆరిపోతే రేకు చల్లబడుతుంది. చల్లని రేకు మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఆ చెమట రంగులో చిక్కుకుంది. వానాకాలం బళ్లకు మేము రిటార్డర్ కలుపుతాం."

వేసవిలో మంచినీళ్ల కుండ చల్లబడేది కూడా ఇలాగే. ఆవిరయ్యే ద్రవం వేడిని తనతో తీసుకుపోతుంది. లాకర్ థిన్నర్‌లో త్వరగా ఆరే ద్రావకాలు ఎక్కువ కనుక పైపొర చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడి, తేమ నీరయ్యే స్థాయి కిందికి జారుతుంది. రిటార్డర్ మెల్లగా ఆరే ద్రావకం. ఆ చల్లదనాన్ని నిదానం చేసి, లోపల చిక్కిన నీటికి బయటపడే వ్యవధి ఇస్తుంది.

ఆయన అర లీటరు సీసా ఇచ్చారు. తెల్లబారిన చోట రంగు లేకుండా రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను మంచులా చల్లితే పైపొర మళ్లీ మెత్తబడి తెలుపు పోతుందని చెప్పారు. డబ్బు తీసుకోలేదు. పూర్తయ్యాక తెచ్చి చూపించమన్నారు.

ఆగస్టు 24

వెన్ను మీద తెలుపు నిజంగానే పోయింది. నా కళ్ల ముందే నలుపు తిరిగి వచ్చింది. కుడి రెక్క మీద మాత్రం ఎక్కువ చల్లాను, రంగు కారి అంచున గుబ్బ కట్టింది. ఆ రెక్కను 1500తో రుద్ది మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ వారం అసలు పని పాత చెక్క అల్మారాకు. పై అరలో 60 వాట్ల బల్బు, దానికి రేకు అడ్డు, తలుపుకు కింద ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు, లోపల తేమ పీల్చే గుళికల సంచులు. గంటకు లోపల 38 డిగ్రీలు, తేమ 45 శాతం. 40 దాటనివ్వను. ఈ ప్లాస్టిక్ కరగడానికి చాలా వేడి కావాలి, కానీ రెక్కలాంటి పలుచని భాగాలు అంతకు ఎంతో ముందే తమ బరువుకు తామే వంగుతాయి. రంగు వేయడానికి గంట ముందు బొమ్మను, రంగు సీసాను ఇందులో పెడతాను. వెచ్చని రేకు మీద చెమ్మ పట్టదు. ఇంకొక జాగ్రత్త: రంగు అప్పుడే వేసిన భాగాన్ని వెంటనే ఇందులో పెట్టకూడదు, పావు గంట బయట ఉంచి ఆవిర్లు పోయాకే పెట్టాలి. మూసిన పెట్టెలో థిన్నర్ ఆవిరి, వెలిగే బల్బు కలిస్తే ప్రమాదం.

కంప్రెసర్ గొట్టానికి గాలిలోని నీటిని పట్టే గిన్నె బిగించాను. ట్యాంకు కింది మర విప్పితే అర గ్లాసు నీళ్లు వచ్చాయి! ఇన్నాళ్లూ ఆ నీళ్ల మీదుగా వచ్చిన గాలితోనే రంగు వేస్తున్నాను. ఇక ప్రతి పని తరువాత దాన్ని ఖాళీ చేయాలి. అమ్మకు థిన్నర్ వాసన పడదు కనుక వెనుక వసారాలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందు, ముఖానికి కార్బన్ గుళికల మాస్కు కట్టుకునే వేస్తున్నాను. మాస్కు నాకోసం కూడా. లాకర్ ఆవిరి ఊపిరితిత్తులకు ఎవరిదైనా ఒకటే.

సెప్టెంబరు 7

నలుపు నిలిచింది. ట్యూబ్‌లైటు దానిలో విరగకుండా గీతలా కనిపిస్తోంది.

లోహం వేశాను. ఆల్‌క్లాడ్ లోహపు రంగు సీసాలు, థిన్నర్ కలపకుండా, 12 పీఎస్‌ఐ ఒత్తిడిలో, ఐదారు సెంటీమీటర్ల దూరం నుంచి. ఒక్కో పొర అంత పలుచగా పడాలి, పడిందో లేదో అనుమానం రావాలి. మూడో పొరకు నలుపు ముదురు ఉక్కులా మారింది, ఐదో పొరకు అల్యూమినియం అయింది. ఏడో పొర వేయబోయి ఆగిపోయాను. ఇంకా వేస్తే రేణువులు ఒకదానిపై ఒకటి పేరుకుని మెరుపు చచ్చిపోతుంది.

సెప్టెంబరు 14

ఇవాళ ఒడలంతా ఒకే వెండి రంగులో చూస్తే కాసేపు బాగుంది, తరువాత బాగోలేదు. అసలు విమానం అలా ఉండదు. ఏ రేకు మిశ్రమం దానిది. ఒకటి కొత్తగా మార్చింది, ఇంకొకటి ఏళ్ల తరబడి చేతులు పడి మాసింది, తోక దగ్గరివి వేడి తిన్నాయి. పాత ఫొటోల్లో ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు ముందు భాగం కన్నా స్పష్టంగా ముదురు.

అందుకే టేపుతో ఒక్కో పలకను వేరు చేసి వేర్వేరు ఛాయలు చల్లాను: వెన్నుకు డ్యూరాల్యూమిన్, మూతలకు వైట్ అల్యూమినియం, తోకకు డార్క్ అల్యూమినియం. పక్కపక్క పలకల మధ్య తేడా చెబితే తప్ప తెలియకూడదు. చదరంగం బల్లలా కనిపించే లోహపు బొమ్మలు చాలా చూశాను, వాటి దగ్గర నాకు మనసు ఆగదు. టేపు పలుచని పసుపు కాగితపుదే అయినా ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీసి జిగురు తగ్గించాను. లోహం వేసి ఒక రోజు గడవకముందు ఏ టేపూ పెట్టలేదు.

సెప్టెంబరు 17

విశ్వకర్మ పూజ. టౌన్‌షిప్‌లో ఎక్కడ చూసినా మైకులు. నాన్న తన పాత మైక్రోమీటరును, ఆకురాళ్లను పూజలో పెట్టారు. నేను అడగకుండానే నా గీత సూదిని, రివిట్ల చక్రాన్ని కూడా పక్కన పెట్టి బొట్టు పెట్టారు.

సెప్టెంబరు 26

చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు. 1963లో మొదటి దళం ఏర్పడిన ఊళ్లోనే చివరి విమానాలూ దిగాయి. నీటి ధారల వందనం వచ్చినప్పుడు నాన్న టీవీ శబ్దం తగ్గించమన్నారు. ఎందుకో అడగలేదు. ఎఫ్‌ఎల్‌లు 2013 డిసెంబరులోనే కలైకుండాలో విశ్రమించాయి కనుక ఇవాళ్టివి ఆయన తొలినాళ్ల ఇంజిన్లు కావు. అయినా పగలంతా లేచి వెళ్లలేదు. ఇవాళ బల్ల దగ్గరికి నేనూ వెళ్లలేదు.

అక్టోబరు 5

నాళిక. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ నేర్చుకున్న రోజు.

తోక చివరి రేకులకు, నాళిక రెక్కలకు వేడి రంగులు వేశాను. పారదర్శకమైన పసుపు, నారింజ, ఊదా, నీలం బాగా పలచన చేసి పట్టీలుగా చల్లాను. నాళిక అంచున పసుపు, దాని ముందు ఊదా, ఇంకా ముందుకు పోయేకొద్దీ నీలం. చాలా బొమ్మల్లో చూసిన పద్ధతే. అందంగా కూడా వచ్చింది. నాన్న టార్చి వేసి చూశారు.

"నీలం ఎటువైపు పెట్టావమ్మా?"

చూపించాను.

"వేడి ఎటువైపు ఎక్కువ?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన వంటింట్లోంచి పాత చాకు తెచ్చారు. గ్యాసు పొయ్యి మీద దాని కొనను పెట్టి నన్ను పక్కన నిలబెట్టారు. కొన ముందు లేత గడ్డి రంగైంది. ఆ గడ్డి రంగు పిడి వైపు పాకుతుంటే కొన గోధుమ రంగైంది, తరువాత ఊదా, తరువాత నీలం. నీలమూ పిడి వైపు జరిగింది, కొన బూడిదైంది. ఎప్పుడు చూసినా వేడి ఎక్కువ ఉన్న చోట వరుసలో చివరి రంగు, చల్లని చోట మొదటి రంగు.

"మామూలు ఉక్కుకు 220 దగ్గర గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. ఇంజిన్ వెనుక భాగానికి వాడే లోహం వేరు, క్రోమియం, నికెల్ కలిసినది. రంగులు ఇంకా పై వేడికి వస్తాయి. వరుస మాత్రం మారదు. నేను ఇది షాపులో నేర్చుకోలేదు, మా మేనమామ కొలిమి దగ్గర నేర్చుకున్నాను. కత్తికి పదును పెట్టేటప్పుడు ఆయన రంగు చూసే నీళ్లలో ముంచేవాడు."

ఆ రంగుల్లో అసలు రంగు పదార్థమే లేదు. వేడికి లోహం మీద ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వెలుగు అలా రంగులు మార్చుకుంటుంది. వాన నీటి మీద నూనె చుక్క చేసే పనే. అందుకే ఇక్కడ అపారదర్శక రంగు ఎప్పటికీ అబద్ధంగానే కనిపిస్తుంది. కింద లోహం మెరవాలి, పైన పలుచని గాజు రంగు ఉండాలి.

మొత్తం థిన్నర్‌తో తుడిచి మళ్లీ వేశాను. నాళిక అంచున బూడిద, దాని ముందు నీలపు ఛాయ, తరువాత ఊదా, గోధుమ, చివర గడ్డి రంగు లోహంలో కలిసిపోయేలా. చాలా గంటలు నడిచిన ఇంజిన్ మీద రంగులు ఇంత శుభ్రంగా విడివిడిగా ఉండవని, అన్నీ కలిసి మాడిన ఇత్తడి పాత్రలా అవుతాయని నాన్న అన్నారు. అందుకని పైన మసి, గోధుమ పొడి రంగులు పొడి కుంచెతో అద్ది సగం మసకబార్చాను. ముందటి కన్నా తక్కువ అందంగా ఉంది. నాన్న టార్చి ఆపేశారు, అంటే సరే అని.

అక్టోబరు 12

వాయుసేన గుండ్రని త్రివర్ణ చక్రాల గుర్తులకు కాగితం మీది బొమ్మలు అంటించలేదు. వాటి చుట్టూ ఉండే పారదర్శక పొర మామూలు రంగు మీద కనిపించదు, లోహం మీద వెలుగు తిరిగినప్పుడల్లా గుండ్రని నీడలా లేస్తుంది. దాన్ని దాచడానికి ఒడలంతా వార్నిష్ వేస్తే మెరుపు పోతుంది. అందుకే వలయాలు కోసే కత్తితో టేపు కోసి గుర్తులను రంగుతోనే వేశాను. ముందు పూర్తి వృత్తం తెలుపు. తెల్ల వలయం మేర టేపు పెట్టి మధ్యలో ఆకుపచ్చ, బయట కాషాయం. తెలుపు కింద ఉంటేనే కాషాయం కాషాయంలా ఉంటుంది, అల్యూమినియం మీద నేరుగా వేస్తే మట్టి రంగవుతుంది. తోక పట్టీల్లో కాషాయం విమానం ముందు వైపున రావాలి.

'సి' అక్షరంతో మొదలయ్యే వరుస సంఖ్య, చిన్న హెచ్చరిక రాతలు మాత్రం అంటించినవే. ప్రతి అక్షరం చుట్టూ పొరను కొత్త బ్లేడుతో కోసేసి, నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తో మెత్తబరిచి, దూదితో గీతల్లోకి దింపాను. పెద్ద పని, కానీ దగ్గర నుంచి చూసినా అంచు తెలియడం లేదు.

అక్టోబరు 19

గీతల్లో మసి. నలుపు, గోధుమ తైలవర్ణాలను వాసన లేని టర్పెంటైన్‌లో కలిపి గీతల్లోకి పాకించి, గంట తరువాత గాలి వీచే దిశలో తుడిచాను. గట్టి నలుపు వద్దు, లోహం మీద నలుపు గీతలు బొగ్గు బొమ్మలా ఉంటాయి.

ఒక నష్టం. ముందు చక్రం కాలు అతుకు దగ్గర విరిగింది. నేను దాన్ని బిగుతుగా తోసి అంటించాను, లోపల ఒత్తిడి మిగిలింది. టర్పెంటైన్ చేరి ఆ ఒత్తిడి ఉన్న చోటే ప్లాస్టిక్‌ను చీల్చింది. రంగు వేయని, బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ మీద ఈ ద్రవం నిలవ ఉండకూడదు. 0.5 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ లోపలికి దించి కాలు నిలబెట్టాను.

అక్టోబరు 29

నిన్న రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది. ఇక్కడ మూడు రోజులుగా వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. అల్మారా చల్లగా ఉంది. ఏమీ చేయలేదు.

నవంబరు 9

ఎండ వచ్చింది, చలి కూడా. చివరి పనులు.

మిగ్-21 ముక్కు పైన ముందుకు పొడుచుకు వచ్చే గాలి వేగం గొట్టం ప్లాస్టిక్‌ది అయితే కడ్డీలా మందంగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. రెండు కొలతల ఇత్తడి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, చివర మందుల షాపులో కొన్న సన్నని సూదిని మొన తీసేసి పెట్టాను. ముక్కులో రంధ్రం చేసి తక్షణ జిగురు కాక ఎపాక్సీ వాడాను, సరిచేసుకోవడానికి ఐదు నిమిషాల వ్యవధి ఇస్తుందని.

గాజు మూతను మాత్రం తెల్ల ఫెవికాల్‌తో అంటించాను. తక్షణ జిగురు ఆవిరి గాజు భాగాల మీద తెల్లని మంచులా పడుతుంది, తుడిస్తే పోదు. ఎఫ్‌ఎల్ మూత ముందు వైపు కీలుతో, అద్దంతో సహా మొత్తంగా పైకి లేస్తుంది. తెరిచే ఉంచాను.

సాయంత్రం డాబా మీద, చాలా రోజులకు దేవమాలి కనిపిస్తుండగా, బొమ్మను పళ్లెంలో పెట్టి నాన్న ముందు ఉంచాను. రెక్కల మీద ఎండ పలక పలకకూ కొద్దిగా మారుతోంది. నాన్న ముక్కు చూడలేదు, రెక్కలూ చూడలేదు. పళ్లెం తిప్పి వెన్ను మీది అతుకు గీతను వేలి కొనతో తాకారు.

"ఇక్కడ విప్పితే బయటికి వస్తుంది కదా?"

"వస్తుంది నాన్నా. బొమ్మలో లోపల ఏమీ లేదు, ఖాళీ."

ఆయన కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్సిలుతో గీయడం మొదలుపెట్టారు. రెండు ఇరుసులు, ఒకదానిలో ఒకటి. ముందు మూడు దశల తక్కువ ఒత్తిడి కంప్రెసర్, దాని వెనుక మూడు దశల ఎక్కువ ఒత్తిడి కంప్రెసర్, ఒక్కోదానికి ఒక్కో టర్బైన్ చక్రం. తన షాపులో పదును పెట్టిన ముక్కలకు చుక్క పెట్టుకుంటూ పోయారు. చీకటి పడేదాకా గీశారు.

ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పక్కన 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలక, వలయాలు కోసే కత్తి. మొదటి దశ చక్రం రేకులు ఎన్నని రేపు పొద్దున టీ దగ్గర అడగాలి.